వడ్రంగపు పనిబల్లను తోటివారికి ఇచ్చుట

మార్కాపురం నుండి శ్రీశైలం పోవు దారిలో, నల్లమల అడవి అంచున ఉన్న ఊరు పెద్దదోర్నాల. టేకు, నల్లమద్ది, వేగిస, చండ్ర, చిరుమాను, బిల్లుడు మొదలైన చెట్ల పేర్లు ఇచ్చటి పెద్దల నోట నిత్యము వినబడుచుండును. వడ్రంగమును కులవృత్తిగా చేయువారి సంగతి అందరికి తెలిసినదే. ఉద్యోగమో వ్యాపారమో ముగిసిన తరువాత మిగిలిన గంటలలో, కేవలము ఇష్టము కొలది ఉలి పట్టువారు వేరొక తరగతి. వారి సంఖ్య స్వల్పము. మేము ఆ తరగతికి చెందినవారము. ఇరువది యేండ్లకు పైగా వాడిన మా పనిబల్లను ఆత్మకూరు వైపు నుండి వచ్చిన, అదే అభిరుచి గల ఒక మిత్రునికి ఇచ్చివేసినాము. అట్టి బల్లను ఎందుకు ఇవ్వవలెనో, ఎవరికి, ఏ విధముగా ఇవ్వవలెనో వివరించుటకు ఈ వ్యాసము. మన కళాశాల విద్యార్థులలో కొయ్యపనిపై ఆసక్తి గలవారు కొందరైనను ఉందురని మా నమ్మకము.

ముందుగా పనిబల్ల అనగానేమో చెప్పుట అవసరము. మన పల్లెలోని వడ్రంగి నేలమీద కూర్చుండి పని చేయును. కర్రను పాదముతో అదిమిపెట్టును, కాలి వ్రేళ్ళతో పట్టి నిలుపును, బాడిసతో చెక్కును. ఒక మొద్దు, రెండు రాతిముక్కలు ఉన్నచో నాగలి మొదలు తలుపు వరకు ఏదైనను అతని చేత సిద్ధమగును. చిన్ననాటి నుండి తండ్రి ప్రక్కన కూర్చున్నవానికి అబ్బు నేర్పు ఇది. ముప్పది యేండ్లు దాటిన తరువాత, కుర్చీకి అలవాటుపడిన మోకాళ్ళతో దానిని సాధించుట దుర్లభము. అందుచేతనే అభిరుచి కొలది కొయ్యపని చేయువానికి బల్ల కావలెను. దళసరి పైపలక, బలమైన నాలుగు కాళ్ళు, వాటిని కలుపు అడ్డపట్టెలు, ప్రక్కన కర్రను బిగించు ఇనుప వైసు, చిత్రిక పట్టునప్పుడు కర్ర జారకుండ ఆపుటకు పైన ఒక కొయ్యమేకు, ఇంతే దాని స్వరూపము. దాని గుణమంతయు బరువులోనే ఉన్నది. చిత్రికను త్రోసినప్పుడు బల్ల కదలినచో పట్టిన శ్రమలో సగము వృథా అగును. మంచి పనిబల్ల సాధారణముగా నూరు కిలోలకు పైగా తూగును.

ఐరోపాలో ఇది మిక్కిలి పాత పరికరము. జర్మనీలోని సాల్‌బుర్గ్ అను రోమనుల కోటలో క్రీ.శ. 2వ శతాబ్ది నాటి పనిబల్లలు బయటపడినవి. పారిస్ నగరపు వడ్రంగి ఆంద్రే రూబో 1769 నుండి వెలువరించిన తన బృహద్గ్రంథమున దీనిని సవిస్తరముగా వర్ణించినాడు. పాఠశాలలలో కొయ్యపని ప్రవేశించిన పిమ్మట ఇది తరగతి గదిలోనికి కూడ వచ్చినది. ఫిన్లాండు 1866లోనే చేతిపనిని పాఠశాల చదువులో చేర్చినది. స్వీడన్ దేశమున నెస్ అను చోట ఒట్టో సాలమన్ ఉపాధ్యాయులకే కొయ్యపని నేర్పు విద్యాలయమును నడపినాడు.

మన దేశమున ఈ ఆలోచన 1937 నాటి వార్ధా విద్యా సమావేశముతో బలపడినది. ఆ సందర్భమున డాక్టర్ జాకీర్ హుస్సేన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము, బాలుర చదువు ఒక చేతివృత్తి ఆధారముగా సాగవలెనని సూచించుచు, నూలు వడుకుట, వ్యవసాయములతో పాటు కొయ్యపనిని కూడ పేర్కొన్నది. 1897లో హైదరాబాదున జన్మించి, 1967లో రాష్ట్రపతి పదవిని అలంకరించిన ఆ విద్యావేత్త పేరు మన పాఠకులకు సుపరిచితమే. ఆయన సంఘము కోరిన విద్య క్రమముగా వెనుకబడినది. చేతిపనుల గదులు కొన్ని చోట్ల పాత కుర్చీలు పడవేయు కొట్లుగా మారినవి. ఈనాడు రంపము పట్టదలచిన విద్యార్థికి ఉలి బజారులో దొరుకును, చిత్రిక దొరుకును. నిలిచి పని నేర్చుకొనుటకు బల్ల మాత్రము దొరకదు. చేయించుకొనవలెనన్నచో దానికి పట్టు కర్ర ఖరీదు విద్యార్థికి అందునది కాదు. కనుక అతనికి మిగిలిన దారి ఒక్కటే. పని మానుకొనుచున్నవాడు ఎవడైనను తన బల్లను ఇవ్వవలెను.

పాత బల్ల కొత్తదానికంటె మేలనుటకు కారణము కర్ర స్వభావములోనే ఉన్నది. పచ్చి కర్ర ఆరునప్పుడు నిలువున నూటికి 0.1 లేక 0.2 వంతు మాత్రమే తగ్గును. అడ్డముగా, చెట్టు జాతిని బట్టి, కోసిన తీరును బట్టి, 4 నుండి 8 వంతుల వరకు తగ్గును. అనగా 20 అంగుళముల వెడల్పు గల పలక ఒక అంగుళము కుంచించుకొనినను వింత లేదు. ఈ తగ్గుదల అన్ని వైపుల సమానముగా ఉండదు గనుక పలక మెలి తిరుగును, నెరలు విచ్చును. అంగుళము మందమునకు ఒక సంవత్సరము చొప్పున నీడలో ఆరనీయవలెనని పనివారి లెక్క. 4 అంగుళముల పైపలకకు ఆ లెక్కన నాలుగేండ్లు పట్టును. మన ప్రాంతమున వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటును, ఆ వెంటనే వానకాలపు తేమ. ఇరువది యేండ్లు ఈ రెంటిని ఓర్చిన బల్ల చేయదలచిన వంకరలన్నియు ఇదివరకే చేసి ఉండును.

మా బల్ల పైపలక ఒక పాత మిద్దె కూల్చినప్పుడు వచ్చిన టేకు దూలములతో చేసినది. కాళ్ళు నల్లమద్ది. బల్ల ఇచ్చివేయుదుమను మాట బయటకు రాగానే ద్వారబంధములకు పనికివచ్చునని దానికి బేరము వచ్చినది. చెప్పిన ధర చెడ్డది కాదు. ఆ సొమ్ము మాకు అక్కరకు రాదని చెప్పలేము. కాని రంపము పడినచో మిగులునది టేకు ముక్కలు మాత్రమే. దానిని చదును చేయుటకు, అతుకులు కుదురుటకు పట్టిన కాలము ఏ ధరలోను చేరదు. ఊరిలోని వృద్ధుడైన వడ్రంగిని కూడ మేము అడిగినాము. ఆయన నవ్వి, "నాకెందుకు సార్ ఇది, నిలబడి పని చేస్తే నాకు చెయ్యి ఆడదు" అన్నాడు. ఆయన మాట యథార్థము. ఈ బల్ల అవసరము ఆయనది కాదు, మా వంటివారిది.

ఇక ఎవరికి ఇవ్వవలెనను ప్రశ్న. ముందు అడిగినవానికి ఇచ్చుట సులభమే గాని, అడిగినవారందరు పని చేయువారు కారు. గదిలో ఒక అందమైన పాత వస్తువు ఉండవలెనని కోరువారు కొందరు, దానిపై మిక్సీయో కుట్టుమిషనో పెట్టదలచినవారు కొందరు. మా అభిప్రాయమున, బల్ల లేకుండగనే పని మొదలుపెట్టినవాడు బల్లకు అర్హుడు. మా మిత్రుడు రెండు పీటలు, ఒక పుస్తకముల అలమర అప్పటికే చేసి ఉన్నాడు. పలకను గడపకు ఆనించి చిత్రిక పట్టినాడు, నులకమంచము పట్టెమీద పెట్టి రంపముతో కోసినాడు. గడపమీద గాట్లు పడినందుకు ఇంటిలోని వారిచేత మాటలు కూడ పడినాడు. ఆ పీటల కాళ్ళు కొంచెము ఎగుడుదిగుడుగా ఉన్న మాట నిజమే. గడపమీద అంతకంటె బాగుగా చేయుట ఎవరికిని సాధ్యము కాదు.

ఇచ్చుటలోని మర్యాదను గూర్చి ఇచ్చట కొంత చెప్పవలసి ఉన్నది. ఉర్దూలో తోహ్ఫా వేరు, ఖైరాత్ వేరు. తెలుగులో కానుక వేరు, దానము వేరు. రెండు భాషలవారును ఈ భేదమును పాటించుచునే ఉన్నారు. మొదటిది సమానుల మధ్య నడచునది. రెండవదానిలో ఇచ్చు చేయి పైన, పుచ్చుకొను చేయి క్రింద. ఒకే పని ఇష్టపడు ఇద్దరి మధ్య పనిబల్ల మొదటి విధముగానే చేతులు మారవలెను. మా మిత్రుడు మొదట సంకోచించినాడు. "ఊరికే ఎట్లా తీసుకునేది సార్, ఎంతో కొంత తీసుకోండి" అన్నాడు. పేరుకు ఏదో కొంత సొమ్ము పుచ్చుకొనుట మర్యాదగా కనబడును గాని, మా దృష్టిలో అది ఉభయులకు ఇబ్బంది. అసలు విలువలో పదవ వంతు ఇచ్చినవాడు మిగిలిన తొమ్మిది వంతులు తాను బాకీపడినట్లే భావించును. అందుచేత ధర మాట ఎత్తకుండ ఖర్చులు పంచుకొన్నాము. బల్లను బాగుచేయించు ఖర్చు మాది, తీసుకొనిపోవు ఖర్చు అతనిది. ఈ ఏర్పాటు అతనికి నచ్చినది.

షరతులు పెట్టరాదు. వాడకున్నచో తిరిగి ఇమ్మనుట, అమ్మరాదనుట, చేసిన వస్తువులు తెచ్చి చూపుమనుట, ఇవన్నియు కానుకను అరువుగా మార్చు మాటలు. రేపు అతనికి బదిలీ అయి బల్లను మరొకరికి ఇచ్చినను, కష్టము వచ్చి అమ్ముకొన్నను, అది అతని ఇష్టము. ఇది చెప్పుటకు సులభము. మన చేతిగుర్తులు ఉన్న వస్తువు విషయమున పాటించుట కష్టము. అంతటి నిబ్బరము లేనివారు బల్లను తమ యింటనే ఉంచుకొనుట మేలు.

ఇచ్చుటకు ముందు చేయవలసిన పరీక్ష ముఖ్యమైనది. బ్రిటనులో టూల్స్ ఫర్ సెల్ఫ్ రిలయన్స్ అను సంస్థ 1980 ప్రాంతము నుండి వాడిన పనిముట్లను సేకరించి ఆఫ్రికా దేశములలోని పనివారికి పంపుచు వచ్చినది. వచ్చిన పనిముట్టును వచ్చినట్లే పంపక, త్రుప్పు వదలించి, పదును పెట్టి, పిడులు సరిచేసి పంపుట వారి పద్ధతి. చెడిన వస్తువును ఇచ్చుట వలన పుచ్చుకొన్నవానికి బరువే గాని సాయము ఉండదు. మేము ముందుగా బల్లను గోడ నుండి దూరముగా జరిపి, క్రింద తెల్లని గుడ్డ పరచి పది దినములు ఉంచినాము. పుచ్చు పురుగు బ్రతికి ఉన్నచో కొత్త పిండి రాలును. పాత రంధ్రములు ఉండి పిండి రాలనిచో అంతగా భయపడనక్కరలేదు. కాళ్ళ అడుగుభాగమును ఉలి మొనతో పొడిచి చూడవలెను. చెదలు తినినచోట పైపొర గట్టిగా కనబడినను లోపల డొల్లగా ఉండును. పాత దూలములతో చేసిన పైపలకలో విరిగిన మేకుల ముక్కలు దాగి ఉండుట కద్దు. ఒక అయస్కాంతమును మెల్లగా పలకపై నడిపినచో పైపైన ఉన్నవి తెలిసిపోవును. మాకు రెండు దొరికినవి. వాటిని తీయకున్నచో కొత్తవాని చిత్రిక పదును మొదటి దినముననే పోయెడిది. వైసు మరను పూర్తిగా విప్పి, కిరసనాయిలుతో కడిగి, నూనె పూసినాము.

చేయరానివి కూడ ఉన్నవి. ఇచ్చుటకు ముందు పైపలకను మరల చదును చేయరాదు. చోటు మారినప్పుడు అక్కడి గాలిలోని తేమను బట్టి పలక కొంత కదలును, చేసిన పని వృథా అగును. వార్నిషు అసలే పూయరాదు. నునుపైన పలకపై కర్ర నిలువదు, జారును. వార్నిషు పూసి పాతదానిని కొత్తదానివలె చూపుట పెండ్లిచూపులకు వచ్చిన ఇంటికి తగునేమో గాని పనిబల్లకు తగదు. దాని లోపములను దాచక చెప్పవలెను. మా బల్లకు ఎడమవైపు వెనుక కాలి అతుకు వేసవిలో వదులగును, వానకాలమున దానంతట అదే బిగియును. ఈ సంగతిని ఒక కాగితముపై వ్రాసి ఇచ్చినాము.

విప్పుట, తరలించుట వేరొక అధ్యాయము. ప్రతి అతుకు వద్ద ఇరువైపుల ఒకే అంకెను పెన్సిలుతో వ్రాయవలెను. కొయ్య చీలలను ఇనుప సుత్తితో కాక కొయ్యసుత్తితో, సన్నని వైపు నుండి కొట్టి తీయవలెను. వైసును ముందుగా తీసి గోనెసంచిలో వేరుగా చుట్టవలెను. ఇంతవరకు ఏ ఊరిలోనైనను ఒకటే. దోర్నాల నుండి ఆత్మకూరు పోవు దారి మాత్రము నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యము గుండా పోవును. రాత్రివేళ ఆ దారిలో వాహనములను విడువరు. పగటివేళ కూడ తనిఖీ కేంద్రము వద్ద కర్ర ఉన్న బండిని ఆపి చూతురు. ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టము 1967 నాటిది, కలప రవాణా నియమములు 1970 నాటివి. టేకు దుంగలు, ఎర్రచందనము దొంగతనముగా తరలిపోవు ప్రాంతమున ఈ కట్టడి అవసరమే. కాని పూర్తిగా విప్పిన బల్ల చూచువారికి కలపవలెనే కనబడును. అందుచేత మేము ముందుగా అటవీ కార్యాలయమున విచారించినాము. వారు చెప్పిన ప్రకారము విప్పకముందు తీసిన బల్ల ఛాయాచిత్రములను, అది పాత వాడిన వస్తువని, ఫలానా వారు ఫలానా వారికి ఇచ్చినారని తెలుపు సంతకముల కాగితమును బండివానికి ఇచ్చినాము. కాళ్ళను కూడ ఒక్కొక్కటిగా విప్పక, రెండేసి కాళ్ళను అడ్డపట్టెతో సహా చట్రముగానే ఉంచినాము. చూడగానే అది బల్ల అని తెలియవలెనని మా ఉద్దేశము. తనిఖీ వద్ద పది నిమిషములకు మించి ఆలస్యము జరుగలేదని తరువాత తెలిసినది.

పుచ్చుకొన్నవాడు చేయవలసిన పని ఇంకను ఉన్నది. నేల సమముగా ఉండదు గనుక ప్రతి కాలి క్రింద సన్నని రాతిపలక పెట్టి సరిచేయవలెను. మార్కాపురం పలకల ఖార్ఖానాల వద్ద గుట్టలుగా పడియున్న వ్యర్థపు ముక్కలు ఈ పనికి మిక్కిలి అనుకూలమైనవి. కావలసిన మందమునకు పొరలుగా చీలును, నీటిని పీల్చవు. చెదలు ఎక్కినను రాతిపై మట్టిదారి స్పష్టముగా కనబడును. డజను ముక్కలు బండిలో వేసి పంపినాము. బల్లను నిలిపిన తరువాత మూడు, నాలుగు వారములు పైపలకను తాకరాదు. పిమ్మట రెండు తిన్నని బద్దలను పలక ఇరుచివరల అడ్డముగా నిలిపి, ఒకదాని అంచు మీదుగా రెండవదానిని కంటితో చూడవలెను. రెండంచులు సమరేఖగా ఉన్నచో పలక చదునుగా ఉన్నట్లు. ఒక మూల పైకి లేచినచో ఆ మూల, దానికి ఎదురు మూల ఎత్తుగా ఉన్నట్లు. ఆ ఎత్తులను చిత్రికతో ఐమూలగా, కొద్దికొద్దిగా తీయవలెను. పొడుగునా త్రోయుట చివరి పని. ఉర్దూ మిత్రులు ఈ పనిముట్టును రందా అందురు. రంధ్రము వేయు బర్మాకు మాత్రము రెండు భాషలలోను ఒకటే పేరు.

చివరిది ఎత్తు విషయము. నిలుచుండి చేతులు క్రిందికి వదలినప్పుడు పిడికిలి కణుపులు తగులు ఎత్తు చిత్రిక పట్టుటకు అనువైనది. సాధారణముగా ఇది 32 నుండి 34 అంగుళములు. బల్ల ఎత్తుగా ఉన్నచో భుజములు నొచ్చును, తక్కువైనచో నడుము నొచ్చును. మా బల్ల మా ఎత్తునకు చేసినది, మిత్రుడు మాకంటె పొట్టి. కాళ్ళు కోయవలెనా అని అతడు ఫోనులో అడుగుటకు మొగమాటపడినాడు. నిస్సందేహముగా కోయుమని చెప్పినాము. ప్రతి కాలికి రెండంగుళములు తీసినాడు. నల్లమద్ది గట్టి కర్ర గనుక ఆ నాలుగు ముక్కలను పారవేయక, చీల్చి సన్నని చీలలు చెక్కినాడు. వేసవిలో వదులగు ఎడమ కాలి అతుకులో వాటిలో ఒకదానిని బిగించినాడు. మిగిలినవి డబ్బాలో ఉన్నవట.